పద్నాలుగో రోజు లెక్క మాకెందుకు కుదరడం లేదు?

సంపెంగ | జూన్ 2, రాత్రి 10.48

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. మాది గాజువాక. నాకు 29, ఆయనకు 33. పెళ్లయి మూడేళ్లు, పిల్లల కోసం చూడడం మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. నెలసరి వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే పద్నాలుగో రోజు ముఖ్యమని మా వదిన చెప్పింది. ఫోనులో యాప్ కూడా ఆ రోజు మీదే పువ్వు బొమ్మ వేస్తుంది. అందుకని ప్రతి నెలా 12 నుంచి 15 వరకు తప్పకుండా కలుస్తున్నాం. ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టుల్లో పనిచేస్తారు. ఆ నాలుగు రోజుల్లో రాత్రి షిఫ్టు పడితే తోటివాళ్లను బతిమాలి మార్చుకుంటారు. వాళ్లకు ఏ కారణం చెబుతారో నేనెప్పుడూ అడగలేదు.

నాకు నెలసరి 34, 35, ఒక్కోసారి 36 రోజులకు వస్తుంది. 29వ రోజు దాటగానే ఆశ మొదలవుతుంది. వారం తిరిగేసరికి అది కాస్తా పోతుంది. మందులూ ఇంజెక్షన్లూ మొదలుపెట్టే ముందు, సహజంగా ఏ రోజులు మంచివో తెలుసుకునే దారి ఏమైనా ఉందా? అత్తగారు సింహాచలం వెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలించుకుని రమ్మన్నారు. వెళ్లొచ్చాను కూడా.


ఎండాడ_హేమ | జూన్ 2, రాత్రి 11.15

నాది కూడా ఇదే కథ, కాకపోతే నాకు 26 రోజులకే వచ్చేస్తుంది. ఎవరైనా వివరంగా రాస్తే నేనూ చదువుకుంటాను.


సిస్టరమ్మ | జూన్ 3, ఉదయం 6.20

అమ్మా సంపెంగా, నేను ప్రభుత్వ ఆస్పత్రి ప్రసూతి వార్డులో పనిచేసి రిటైరైన నర్సును. నీ పోస్టులోనే నీ సమాధానం ఉంది. 35 రోజులకు నెలసరి వచ్చే మనిషికి పద్నాలుగో రోజున అండం విడుదల కాదు.

అండం విడుదలైన తర్వాత నెలసరి రావడానికి పట్టే కాలం చాలామందిలో దాదాపు 12 నుంచి 16 రోజులు. ఒక స్త్రీలో ఆ కాలం నెలనెలకూ పెద్దగా మారదు. మారేది దానికి ముందున్న భాగం. కాబట్టి రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. 35లో 14 తీసేస్తే 21. అంటే నీకు 21వ రోజు అటూ ఇటూగా విడుదలవుతుండాలి. విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలు. పురుషుడి వీర్యకణాలు మాత్రం అనుకూలమైన స్రావం ఉంటే లోపల అయిదు రోజుల దాకా బతకగలవు. ఇప్పుడు నువ్వే చెప్పు, 15వ రోజున ఆపేస్తే 21వ రోజుకు అక్కడ ఎవరుంటారు? మీరు పద్నాలుగు నెలలుగా రైలు రాకముందే స్టేషనుకు వెళ్లి, రైలు వచ్చే వేళకు ఇంటికి తిరిగొచ్చేస్తున్నారు.

గర్భం నిలిచే రోజులు నెలకు ఆరు. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు. అందులోనూ చివరి రెండు మూడు రోజులు బలమైనవి. మరునాడు ప్రయత్నిస్తే దాదాపు ప్రయోజనం ఉండదు. ఎండాడ అమ్మాయీ, నీకు 26 రోజులు కాబట్టి 12వ రోజు ప్రాంతంలో విడుదల కావచ్చు. అంటే 7వ రోజు నుంచే చూసుకోవాలి. చాలామంది ఆ రోజుల్ని లెక్కలోకే తీసుకోరు.

అయితే క్యాలెండర్ లెక్క ఎంతైనా అంచనాయే. శరీరం తానే చెబుతుంది. ఆడవాళ్లం దాన్ని పట్టించుకోము, పట్టించుకున్నా జబ్బు అనుకుంటాం. నెలసరి తగ్గిన తర్వాత కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. ఆపైన కొద్దిగా అంటుకునేటట్టు, తర్వాత మీగడలా, ఆ తర్వాత గుడ్డులోని తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా స్రావం వస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి విడదీస్తే తెగకుండా అంగుళం పైన సాగుతుంది. అది కనిపించిన రోజులే నీ రోజులు. బాత్‌రూముకు వెళ్లినప్పుడు తుడుచుకుని చూస్తే చాలు, వేరే పరీక్ష అక్కర్లేదు.


అగ్రహారం_అమ్మాయి | జూన్ 3, ఉదయం 9.02

సిస్టరమ్మ గారూ, నవ్వకండి. మా ఇంట్లో గుడ్డు ముట్టరు. తెల్లసొన ఎలా ఉంటుందో నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.


సిస్టరమ్మ | జూన్ 3, ఉదయం 9.40

నవ్వను తల్లీ. లేత బెండకాయ కోసినప్పుడు కత్తికి తీగలా సాగుతుంది చూడు, అదే.


అగ్రహారం_అమ్మాయి | జూన్ 3, ఉదయం 9.44

అర్థమైపోయింది. ఇక ఈ జన్మలో బెండకాయ పులుసు మామూలుగా తినలేను.


సంపెంగ | జూన్ 3, మధ్యాహ్నం 1.30

సిస్టరమ్మ గారూ, మీ పోస్టు బ్యాంకులో భోజన విరామంలో చదివాను. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మీరు చెప్పిన ఆ జిగురు నాకు ప్రతి నెలా వస్తుంది. నెలసరి అయిన పదిహేను రోజుల తర్వాత మూడు నాలుగు రోజులు ఉండి పోతుంది. పదో తరగతిలో మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మ తెల్లబట్ట అవుతోందని, వేడి చేసిందని సబ్జా నీళ్లు, పలచటి మజ్జిగ తాగించింది. అప్పటి నుంచి అది కనిపిస్తే వేడి చేసిందనే అనుకుంటాను. పెళ్లయ్యాక కూడా అంతే. ఇంకా చెప్పాలంటే, ఒంట్లో బాగాలేదని ఆ రోజుల్లో ఆయన్ని దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. అసలైన రోజుల్ని పద్నాలుగు నెలలు నా చేతులతో నేనే పక్కన పెట్టాను.


సిస్టరమ్మ | జూన్ 3, సాయంత్రం 4.10

మీ అమ్మగారిని ఏమీ అనకు. ఆవిడకు వాళ్లమ్మ అదే చెప్పి ఉంటుంది. వార్డుకు వచ్చేవాళ్లలో సగం మంది తెల్లబట్ట అనే ఒక్క మాట కిందే అన్నీ చెప్పేవారు. తేడా ఇది: పారదర్శకంగా, వాసన లేకుండా, నెలకు కొన్ని రోజులే వచ్చి పోయేది ఆరోగ్యం. పెరుగు విరిగినట్టు తెల్లగా ముద్దలుగా వచ్చి దురద పెట్టినా, పచ్చగా ఉన్నా, చేపల నీచు వాసన వచ్చినా, మంట ఉన్నా అది ఇన్‌ఫెక్షన్. దానికి సబ్జా చాలదు, డాక్టరుకు చూపించాలి. మజ్జిగ మాత్రం ఎప్పుడైనా తాగు, ఈ ఎండలకు మంచిదే.


లెక్కల_మాస్టారు | జూన్ 3, రాత్రి 8.35

పద్నాలుగో రోజు అనే మూఢనమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనివ్వండి. లెక్కలు చెప్పి బతికినవాణ్ణి, తప్పు లెక్క చూస్తే ఊరుకోలేను. జపాన్ వైద్యుడు క్యూసాకు ఒగినో 1924లో, ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నౌస్ ఆ తర్వాత విడిగా, అండం విడుదలను రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కించారు. సిస్టరమ్మ గారు చెప్పిందీ అదే. 28 రోజుల చక్రంలో ముందు నుంచి లెక్కపెట్టినా వెనక నుంచి లెక్కపెట్టినా పద్నాలుగే వస్తుంది. ఆ ఒక్క చోట కుదిరిన సౌలభ్యాన్ని పట్టుకుని లోకమంతా ముందు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సమీకరణం మర్చిపోయి జవాబు మాత్రం బట్టీ పట్టినట్టు.

ఆరు రోజుల సంగతికి ఆధారం 1995లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. ఉత్తర కరోలినాలో బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీల మూత్ర నమూనాలు రోజూ తీసుకుని అండం ఏ రోజు విడుదలైందో లెక్కకట్టారు. గర్భాలన్నీ ఆ ఆరు రోజుల్లో కలిసినప్పుడే నిలిచాయి. ఆ సమాచారంతోనే 2000లో మరో లెక్క చెప్పారు. గర్భం నిలిచే రోజులన్నీ 10 నుంచి 17వ రోజు మధ్యలోనే పూర్తిగా ఇమిడిన స్త్రీలు దాదాపు 30 శాతమే. మిగతా 70 శాతం మందికి పుస్తకంలోని తేదీ ఎంతో కొంత తప్పే.

స్రావం చూసే పద్ధతిని 1950లలో మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టిన జాన్ బిల్లింగ్స్ నాడీ వైద్యుడు. ఆయన భార్య ఎవెలిన్ పిల్లల డాక్టరు. మెదడు నరాలు చూసే ఆయన ఆడవాళ్లు చెప్పేది కూర్చుని విన్నారు, అందుకే పని జరిగింది.


నావికుడి_భార్య | జూన్ 3, రాత్రి 9.50

మాది నేవీ కుటుంబం. ఆయన ఓడ ఎక్కితే ఎప్పుడు తిరిగొస్తారో నాకే కాదు, ఒక్కోసారి ఆయనకూ తెలియదు. ఏడాదిలో మాకు దొరికే రోజులే తక్కువ. అందుకని స్రావంతో పాటు ఉష్ణోగ్రత కూడా రాసుకున్నాను. ఉదయం లేవగానే మంచం దిగకుండా, మంచినీళ్లు కూడా తాగకుండా, నాలుక కింద థర్మామీటర్ పెట్టుకోవాలి. రోజూ ఒకే వేళకు. దానికి ముందు కనీసం మూడు నాలుగు గంటల నిద్ర ఉండాలి. నాకు నెల మొదట్లో 97.1, 97.2 ఇలా ఉండేది. అండం విడుదలైన తర్వాత 97.7 దాటి నెలసరి వచ్చేదాకా కిందికి దిగేది కాదు. జ్వరం, రాత్రి జాగారం, ప్రయాణం, ఇవన్నీ లెక్కను చెడగొడతాయి. ఆ రోజుల పక్కన చుక్క పెట్టుకునేదాన్ని.

కాకపోతే ఒక సంగతి. వేడి పెరిగిందంటే అండం అప్పటికే విడుదలైపోయిందన్నమాట. ఆ నెలకు ఆ కబురు ఆలస్యం. రెండు మూడు నెలలు రాస్తే నా శరీరం ఏ రోజున ఏం చేస్తుందో అర్థమై, ఆయన సెలవు ఎప్పుడు అడగాలో తెలిసింది. మా అబ్బాయికి ఇప్పుడు నాలుగేళ్లు.


సంపెంగ | జూన్ 3, రాత్రి 10.20

నేను అయిదున్నరకు లేస్తాను. ఆయనకు రాత్రి షిఫ్టు ఉంటే ఆరున్నరకు వస్తారు, తలుపు తీయడానికి లేచేలోపే చూసుకుంటాను. జ్వరం చూసే మామూలు థర్మామీటర్ పనికొస్తుందా?


నావికుడి_భార్య | జూన్ 3, రాత్రి 10.31

పెరిగేది చాలా తక్కువమ్మా, ఫారెన్‌హీట్‌లో అర డిగ్రీ అటూ ఇటూ. చుక్క తర్వాత రెండు అంకెలు చూపించే డిజిటల్ థర్మామీటర్ మెడికల్ షాపులో అడుగు, దొరక్కపోతే తెప్పిస్తారు. వరసగా మూడు రోజులు, అంతకుముందు ఆరు రోజులకన్నా ఎక్కువగా ఉంటే విడుదలైనట్టు లెక్క. ఒక్క రోజు పెరిగిందని సంబరపడకు, నేను అలా రెండుసార్లు మోసపోయాను. పెరిగిన వేడి 18 రోజులు దిగకుండా, నెలసరి కూడా రాకుండా ఉంటే అప్పుడు గర్భ పరీక్ష చేసుకో.


కంచరపాలెం_కుర్రోడు | జూన్ 4, ఉదయం 7.12

అండం విడుదలైన రోజే కలిస్తే మగపిల్లాడు పుడతాడని మా ఊళ్లో అంటారు. నిజమేనా? ఎన్నో రోజైతే మంచిది?


నిర్వాహకురాలు | జూన్ 4, ఉదయం 7.58

నిజం కాదు. మాస్టారు చెప్పిన 1995 అధ్యయనంలో దాన్ని కూడా చూశారు. కలిసిన రోజుకూ పుట్టే బిడ్డ ఆడా మగా అన్నదానికీ సంబంధం కనిపించలేదు. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం మన దేశంలో 1994 నుంచి ఉంది. ఆ విషయం మీద ఈ చర్చలో ఇక ఒక్క పోస్టు కూడా ఉంచను. రాత్రి ఎవరో పెట్టిన సంతాన లేహ్యం ప్రకటనను కూడా తీసేశాను. ఫోను నంబర్లు ఇచ్చి అమ్ముకునే చోటు ఇది కాదు.


ఉక్కునగరం_బాబాయి | జూన్ 4, సాయంత్రం 6.45

ఇంతసేపు చదివాను. నలభై పోస్టుల్లో ముప్పై ఎనిమిది ఆడవాళ్ల ఒంటి గురించే ఉంటాయని నాకు ముందే తెలుసు. అమ్మాయి ఉదయం నిద్ర మానుకుని వేడి చూసుకోవాలి, జిగురు చూసుకోవాలి, గుడికి వెళ్లాలి. అబ్బాయి ఒక్క పరీక్ష చేయించుకోడు.

నేనూ ఆ ప్లాంటులోనే కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాను. మాకు ఆరేళ్లు పిల్లల్లేరు. మా ఇంటావిడ మొక్కని దేవుడు లేడు, తాగని కషాయం లేదు. చివరికి ఒక డాక్టరమ్మ నన్ను చూసి, ముందు మీరు వీర్య పరీక్ష చేయించుకోండి అన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సహించలేదు. పరీక్ష మాత్రం పావుగంట పని. వీర్యకణాల కదలిక తక్కువుందని తేలింది. వృషణాలు శరీరం వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు బాగా తయారవుతాయట. అందుకే దేవుడు వాటిని బయట పెట్టాడు. నేను రోజంతా కొలిమి ముందు, పైగా బిగుతు బట్టల్లో. సిగరెట్లు సరేసరి. అవి మానేసి, పని చోటు మార్పించుకుని, వదులు బట్టలు కట్టుకుని ఎదురుచూశాను. కొత్త వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుందట. అందుకే ఈ రోజు మానేస్తే ఫలితం మూడు నెలల తర్వాత గానీ తెలియదు. మా పెద్దమ్మాయి పుట్టింది. నాలాగే అందరికీ కుదురుతుందని చెప్పను.

బాబూ సంపెంగ వాళ్లాయనా, నువ్వు ఇది చదువుతుంటే రేపే వెళ్లు.


సిస్టరమ్మ | జూన్ 4, రాత్రి 7.30

బాబాయి గారికి దండం. పిల్లలు కలగని జంటల్లో సగానికి దగ్గరగా మగవాళ్ల వైపు కారణం ఒక్కటిగానో, ఇంకో కారణంతో కలిసో ఉంటుంది. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండాలి. ఒక రిపోర్టు తేడా వచ్చినా కంగారు పడకుండా మళ్లీ చేయించాలి.

ఇంకో సంగతి. వీర్యం దాచిపెడితే బలం పెరుగుతుందని రెండు వారాలు దూరంగా ఉండేవాళ్లున్నారు. దాచినకొద్దీ కణాలు ముసలివవుతాయి. మంచి రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే చాలు. తర్వాత నడుము కింద దిండు పెట్టుకుని గంటసేపు కదలకుండా పడుకోవాల్సిన పని కూడా లేదు, చేరాల్సినవి నిమిషాల్లో చేరతాయి. పొడిగా ఉందని నూనెలూ జెల్లీలూ వాడితే మాత్రం కొన్ని వీర్యకణాల కదలికను దెబ్బతీస్తాయి.

సంపెంగా, ఇప్పుడు అసలు మాట. 35 ఏళ్లలోపు వాళ్లు ఏడాది, దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించి డాక్టరును కలవాలి. మీకు పద్నాలుగు నెలలు. రోజులు తప్పు లెక్కపెట్టారు నిజమే, అయినా ఇంకో ఏడాది చార్టులు గీస్తూ కూర్చోవద్దు. రెండూ పక్కపక్కనే నడవాలి. థైరాయిడ్, షుగర్, స్కాన్ చేయిస్తారు. అవసరమైతే గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే. మన దేశంలో క్షయ కొందరిలో దగ్గూ జ్వరం లేకుండానే గర్భనాళాలకు పాకి వాటిని మూసేస్తుంది. ఎంత చక్కటి చార్టులోనూ అది కనిపించదు. డబ్బుకు ఇబ్బందైతే విశాఖలోని ప్రభుత్వాస్పత్రులు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లో, ఘోషా ఆస్పత్రిలో స్త్రీల విభాగాలు ఉన్నాయి. ఈలోగా ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టు. బిడ్డ వెన్నుపాము ఏర్పడేది నెల తప్పిందని తెలిసీ తెలియని రోజుల్లోనే.


ఎండాడ_హేమ | జూన్ 5, ఉదయం 10.05

మూత్రంలో ముంచి చూసే అండం విడుదల పట్టీలు మంచివేనా అక్కా? నాకు పీసీఓడీ, అంటే అండాశయాల్లో హార్మోన్ల తేడా ఉంది. ఎప్పుడు చూసినా రెండు గీతలూ వస్తున్నాయి.


సిస్టరమ్మ | జూన్ 5, ఉదయం 11.20

ఆ పట్టీలు చూసేది ఎల్‌హెచ్ అనే హార్మోను. అది ఒక్కసారిగా పెరిగిన ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. నెలసరి పద్ధతిగా వచ్చేవాళ్లకు ఉపయోగమే. పీసీఓడీలో ఆ హార్మోను ఊరికే ఎక్కువగా ఉండవచ్చు, అందుకే నీకు రోజూ గీతలు. వాటి మీద డబ్బు తగలేయకుండా డాక్టరు చేత స్కాన్లలో అండం ఎదుగుదల చూపించుకో.


అద్దెకొంప | జూన్ 6, రాత్రి 11.40

మగవాడిగా ఒక మాట. మా ఆవిడ చార్టు మొదలుపెట్టాక ఇల్లు ఆఫీసు అయిపోయింది. ఈ రోజు ఉంది, రేపు లేదు, ఎల్లుండి తప్పనిసరి. ఆ తప్పనిసరి రోజునే నాకు ఏమీ చేతకాదు. అది ఆవిడకు చెప్పలేక, ఆఫీసులో పని ఉందని బీచ్ రోడ్డులో తొమ్మిదింటిదాకా కూర్చుంటాను.


నావికుడి_భార్య | జూన్ 7, ఉదయం 8.15

అన్నయ్యగారూ, మా ఇంట్లోనూ అదే జరిగింది. చార్టు నా దగ్గరే ఉంచుకుని తేదీలు ఆయనకు చెప్పడం మానేశాను. చీర మార్చుకుని బీచ్‌కు వెళ్దామంటే ఆయనకు తెలిసిపోయేదనుకోండి, అయినా తేదీ కన్నా అది నయం. మీరు ఇక్కడ రాసింది మీ ఆవిడకు చూపించండి.


సంపెంగ | అక్టోబరు 5, రాత్రి 9.25

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. శుభవార్త చెప్పడానికి వచ్చానని అనుకోకండి, ఇంకా లేదు.

మూడు చక్రాలు రాశాను. 35, 34, 36 రోజులు. వేడి పెరిగింది 22, 21, 23 రోజుల్లో. బెండకాయ జిగురు, నాకు ఇక ఆ పేరే స్థిరపడిపోయింది, దానికి ముందు నాలుగు రోజులు. ఫోనులో యాప్ మాత్రం మొదటి రెండు నెలలూ పద్నాలుగో రోజున పువ్వు వేస్తూనే ఉంది. తీసేశాను.

డాక్టరమ్మను కలిశాం. నా థైరాయిడ్, స్కాన్ బాగానే ఉన్నాయి. బాబాయి గారి పోస్టు ఆయనకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, వారం తర్వాత తనే వెళ్లి పరీక్ష చేయించుకుని వచ్చారు. కదలిక తక్కువని వచ్చింది. ఖైనీ నమిలే అలవాటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది. మానేశారు. నిన్న రెండో రిపోర్టు వచ్చింది, మొదటిదానికన్నా నయంగా ఉంది. ఇంకో మూడు నెలలు చూసి, లేకపోతే తర్వాతి దశ ఆలోచిద్దామన్నారు డాక్టరమ్మ. గర్భనాళాల ఎక్స్‌రే వచ్చే నెల.

అమ్మకు సబ్జా నీళ్ల సంగతి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, నాకూ ఎవరూ చెప్పలేదే అంది. నేను పుట్టడానికి ఏడేళ్లు పట్టిందట. ఆ ఏడేళ్ల సంగతి నాకు ఇదే వినడం.

ఈ రోజు 18వ రోజు, ఉదయం నుంచి జిగురు ఉంది. ఆయనకు రాత్రి షిఫ్టు. ఎవరినీ బతిమాలి మార్చుకోవద్దన్నాను. ఉదయం ఆరున్నరకు వస్తారు, కాస్త నిద్రపోయాక రోజంతా మాదే. నేను బ్యాంకుకు రేపు సెలవు పెట్టాను. కారణం అని ఉన్నచోట ఇంట్లో పని అని రాశాను.